పెట్టె సర్దుకోవాలా, పౌడరు రాసుకోవాలా

మీకిప్పుడు తుఫాను వస్తోందంటే జేబులో ఫోను గుయ్యిమంటుంది. నా రోజుల్లో గుయ్యిమనేవాణ్ణి నేనే. నవ్వకండి. బందరులో ఒక చిన్న సర్కారు ఆఫీసులో మైకు బండి మీద అనౌన్సరుగా చేరి, ఆ బండిలోనే జుట్టు నెరిసి రిటైరయ్యాను. పోలియో చుక్కలు, ఓటర్ల జాబితా, గేదెలకు టీకాలు, అన్నీ ఊరూరా తిరిగి చెప్పాను. కానీ దివిసీమ జనం నన్ను గుర్తుపెట్టుకున్నది ఒక్కదానికే. గాలివానకి. నా గొంతు వినపడితే చాలు, ముసలీముతకా ముందు ఆకాశం వంక చూసి, తర్వాత నా వంక చూసేవాళ్ళు. ఒకసారి చల్లపల్లి సెంటర్లో అరటిపళ్ళు బేరమాడుతుంటే పక్కనున్నావిడ ఉలిక్కిపడి "ఎప్పుడండీ?" అంది. "ఏమిటమ్మా ఎప్పుడు?" అన్నాను. "తుఫాను" అంది. అలాంటి గొంతు నాది, ఏం చేస్తాం!

మా పనికొక పద్ధతి ఉండేది. ఏ సంగతి చెప్పినా "ఇందుమూలముగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టాలి. నాకు ముందు పనిచేసినాయన నేర్పాడు. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో దండోరా వేసేవాళ్ళు అలాగే అనేవాళ్ళట. ఇంత పొడుగు మాట ఎందుకురా బాబూ అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఇంట్లో పనిలో ఉన్నవాళ్ళు చెయ్యి కడుక్కుని అరుగు మీదకి రావడానికి సరిగ్గా ఆ మాత్రం టైము పడుతుంది. అంతకు మించి అందులో ఏమీ లేదనుకున్నాను. అక్కడే పొరబడ్డాను, కానీ ఆ సంగతి తర్వాత.

తొంభైల చివర్లో మాకొక కుర్ర ఆఫీసరు వచ్చారు. మంచివారే, టీ ఒక్కరే తాగేవారు కాదు, మా అందరికీ తెప్పించేవారు. కానీ ఆయనకి పాత వాసన అంటే గిట్టదు. వచ్చిన వారంలోనే నన్ను పిలిచి, "ఏవండీ, ఈ ఇందుమూలముగా ఏమిటండీ? మనమేమన్నా జమీందారు గారి నౌకర్లమా? కాస్త ఫ్రెష్‌గా ఉండాలండీ" అన్నారు. అలాగే సార్ అన్నాను. సర్వీసులో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఆ చలికాలం మొదట్లోనే వచ్చింది పాటల టూరు. బొంబాయి నుంచి ఒక పాప్ గాయని. కేబుల్ టీవీలో రోజూ కనపడేది, కాలేజీ పిల్లల గదుల్లో ఆవిడ పోస్టర్లు ఉండేవి. పెద్ద పెద్ద నగరాల్లో పాడుకుంటూ వస్తూ గుడివాడలో ఒక రోజు, బందరులో ఒక రోజు పాడతానందట. అంత పెద్దావిడ గుడివాడ ఎందుకొస్తుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఒక క్లబ్బు వాళ్ళు తెప్పిస్తున్నారన్నారు. మిగిలిన సొమ్ము తుఫాను షెల్టర్ల మరమ్మతుకి ఇస్తామన్నారు గనక, ప్రచారానికి మా బండి వాడుకోమని పైనుంచి సరే అన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. చావంతా టూరు పేరుతో వచ్చిపడింది.

ఆ టూరు పేరు 'తుఫాన్'.

మా డ్రైవరు బందరు సాయిబు గారు. నాతో పాటే ఆ బండిలో ముసలివాడయ్యాడు. ఆఫీసరు గారు రాసిచ్చిన కాగితం నేను చదువుతుంటే విని, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"గురువుగారూ, ఈ కాగితం మనం దివిసీమలో చదవాలాండీ?"

"చదవమన్నారు."

"అక్కడ తుఫాను అంటే..."

"నాకు తెలీదా సాయిబు గారూ! అదే చెప్పాను. 'తుఫాన్ అంటే ఇప్పుడు హుషారు అని అర్థమండీ, యూత్‌కి తెలుసు' అన్నారు."

"యూత్ అంటే ఎవరండీ? మన బండి దగ్గరకి ఎప్పుడూ ముసలాళ్ళే వస్తారు గదా" అని బండి స్టార్టు చేశాడు.

కాగితంలో ఉన్నది ఇదీ. "తుఫాన్! తుఫాన్! బందరుకి తుఫాన్ వస్తోంది! ఈ శనివారం! పిల్లాపాపలతో తరలి రండి!" ఆ తర్వాత గాయని పేరు, గ్రౌండు వివరాలు, టిక్కెట్లు ఎక్కడ దొరుకుతాయో. మధ్యలో టేపులో డప్పుల మోత ఒకటి.

అవనిగడ్డ దాకా బాగానే సాగింది. కుర్రాళ్ళు బండి వెంటపడి ఈలలు వేశారు. ఫరవాలేదు, ఆఫీసరు గారు చెప్పిందే నిజమేమో అనుకున్నాను. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్ళేసరికి గాలి ఎక్కువైంది. అక్కడొక చేపల వేటగాళ్ళ పల్లె ఉంది. ఊరి పేరు చెప్పను, ఇప్పటికీ వాళ్ళు నన్ను ఏడిపిస్తారు. కరకట్ట మీద నుంచే చదివి, పొద్దు వాలుతోందని వెనక్కి తిరిగాం. గాలి మా వెనక నుంచి వీస్తుందో ముందు నుంచి వీస్తుందో చూసుకోవాలన్న ఇంగితం ఆ వేళ మా ఇద్దరికీ లేకపోయింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి ఆఫీసరు గారు ఫోను పట్టుకుని నిలబడున్నారు.

"ఏవండీ, ఆ ఊరు మొత్తం షెల్టర్లో ఉందట. నిన్న సాయంత్రం నుంచీ. మీరేం చెప్పారండీ?"

"మీరు రాసిచ్చిందే సార్."

గాలికి గాయని పేరు ఎగిరిపోయింది. గ్రౌండూ టిక్కెట్లూ ఎగిరిపోయాయి. జనం చెవిన పడినవి నా గొంతు, తుఫాను, బందరు, పిల్లాపాపలతో తరలి రండి. ఇంకేం కావాలి!

నేనూ సాయిబు గారూ పరుగున వెళ్ళాం. షెల్టర్ మేడ మీద జనం కిక్కిరిసి ఉన్నారు. కోళ్ళు, మూటలు, పసిపిల్లలు, వలల కట్టలు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. అందరూ ఆ ఎండని చూస్తూ, ఇది ఎందుకు కాస్తోందో తెలియక, అలా కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఎక్కడిదాకా వచ్చింది, తీరం దాటిందా అని ఒకటే ప్రశ్నలు. చివరికి చెప్పాను, అది పాటల ప్రోగ్రాము అని.

ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

రేకు పెట్టె మీద కూర్చున్న ఒక మామ్మ లేచింది. ఆవిడ నాకు ఎప్పట్నించో తెలుసు. డెబ్భై ఏడు ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుని, తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ వేలాడిన మనిషి. గాలివాన కబురు తెచ్చినప్పుడల్లా బండి ఆపి ముందు ఆవిడకి చెప్పేవాణ్ణి. ఆవిడ కదిలితే ఊరంతా కదిలేది.

"పాటా?" అంది. "పాట కోసమా అయ్యా, నేను అన్నం కుండ పొయ్యి మీదే వదిలేసి వచ్చింది?"

"పొరపాటైపోయింది మామ్మా."

"పొరపాటు సంగతి నాకెందుకు. నీ గొంతు వినపడితే నేను ఇంకోటి ఆలోచించను, లేచి వచ్చేస్తాను. ఇన్నేళ్ళూ అంతే చేశాను. ఇకమీదట నువ్వొచ్చి అరిస్తే నేనేం చెయ్యాలి? పెట్టె సర్దుకోవాలా, పౌడరు రాసుకోవాలా? అదొక్కటి చెప్పి వెళ్ళు."

గోడవారగా కూర్చున్న వాళ్ళాయన, చెవులు సరిగ్గా వినపడని మనిషి, అందుకున్నాడు. "నేనప్పుడే అన్నాను. ఇందుమూలంగా అన్లేదు, ఇది సర్కారు వారిది కాదేమోనే అని. నా మాట ఎవరు వింటారు?"

మూటలు నెత్తిన పెట్టుకుని దిగిపోతున్నారు. దిగుతూ దిగుతూ ఒకాయన నా మొహం మీదే అన్నాడు. "ఇంకోసారి నీ బండి వస్తే లేవం." వెనకున్నవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు అదే అన్నారు. లేవం. మామ్మ మాత్రం రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, నా వంక చూడకుండా వెళ్ళిపోయింది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

తిరుగుదారిలో అవనిగడ్డ వచ్చాక సాయిబు గారు, "లేవం అన్నారండీ" అన్నాడు. "విన్నాను" అన్నాను. భయమేసింది. పరువు పోయిందని కాదు. నిజంగా వచ్చిన రోజున ఆ మామ్మ అన్నం కుండ దించుకుని, వార్చుకుని, తిని, అప్పుడు ఆకాశం చూస్తే ఏం గతి?

ఆఫీసరు గారు కూడా బాధపడ్డారు, అది ఒప్పుకోవాలి. క్లబ్బు వాళ్ళని బతిమాలి, ఆ ఊరివాళ్ళకి ఉచితంగా పాసులు, రానుపోను ఒక బస్సు ఇప్పించారు. ప్రాయశ్చిత్తం అన్నమాట. తుఫాను అని భయపెట్టి పారిపోయేలా చేసినవాళ్ళని, అదే తుఫాన్ చూడ్డానికి ముందు వరసలో కూర్చోబెట్టడం. ఇది మంచి పనో కాదో ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది. అలాగే సార్ అన్నాను.

గుడివాడ ప్రోగ్రాము శుక్రవారం జరిగింది. మా బండి అక్కడా ఉంది. మధ్యాహ్నం ఎవరో మైకు ముందు నిలబడి "చెక్, చెక్, వన్, టూ" అంటుంటే జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్న పెద్దాయన నన్నడిగాడు, "పాట బావుందండీ, కాస్త చిన్నదిగా ఉంది, అర్థమేమిటంటారూ?" అని. సాయంత్రం అసలావిడ వచ్చింది. సన్నగా, చిన్నపిల్లలా ఉంది. గొంతు మాత్రం ఖంగుమంది. పాట పాటకీ మధ్యలో ఒక కుర్రాడు వచ్చి "ఏం వస్తోంది?" అని అరిచేవాడు. గ్రౌండంతా "తుఫాన్!" అని అరిచేది. "ఏం వస్తోంది?" "తుఫాన్!" సాయిబు గారు బండి తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. వినలేకపోతున్నానండీ అన్నాడు.

శనివారం బందరు. పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. సముద్రంలో వాయుగుండం ఉన్నమాట నిజమే, కానీ అది ఒరిస్సా వైపు పోతోందని రేడియోలో చెప్పారు. మధ్యాహ్నానికే గ్రౌండు సగం పైగా నిండింది. పల్లెల వాళ్ళు సాయంత్రం ప్రోగ్రాముకి పొద్దున బస్సుకే వచ్చేస్తారు గదా, అన్నం మూటలు విప్పుకుని తింటున్నారు. మా ఊరివాళ్ళు, అంటే ఆ పల్లెవాళ్ళు, ముందు వరసలో ఉన్నారు. మామ్మ కూడా వచ్చింది. మొహానికి నిండా పౌడరు. నన్ను చూసి, "రాసుకోమన్నావుగా, రాసుకున్నాను" అంది. నవ్వుతూ అందో, కోపంగా అందో తేల్చుకోలేకపోయాను. ముసలాయన్నీ, బాలింత మనవరాలినీ ఇంటి దగ్గరే వదిలి వచ్చిందట.

భోజనాల వేళ దాటాక ఆఫీసరు గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. వాయుగుండం దిశ మార్చిందట, మనవైపే వస్తోందట, తీరప్రాంతాలన్నీ ఖాళీ చేయించమని వైర్‌లెస్‌లో కబురొచ్చింది.

"ముందు ఈ గ్రౌండు ఖాళీ చేయించాలండీ. మీరే చెప్పాలి."

అక్కడున్న ఎస్సై గారు నా చెయ్యి పట్టుకున్నారు. "గేటు ఒక్కటే మాస్టారూ. జనం బెదిరితే తొక్కుకుని చస్తారు. చూసి మాట్లాడండి."

స్టేజీ ఎక్కాను. అన్ని వేల తలకాయలు ఎదురుగా నేనెప్పుడూ చూడలేదు, నాది రోడ్డు పక్క మైకు. ఆఫీసరు గారు కింద నుంచి త్వరగా, త్వరగా అంటున్నారు. ఉన్న సంగతి చెప్పేశాను.

"తుఫాను వస్తోంది."

గ్రౌండు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు, కండువాలు గాల్లోకి. "తుఫాన్! తుఫాన్!"

"ఆగండి, ఆగండి! ఇది నిజం తుఫాను!"

"నిజం తుఫాన్! నిజం తుఫాన్!" అని ఇంకా గట్టిగా అరిచారు.

బాబోయ్, నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. నేను చెప్పిన కొద్దీ వాళ్ళకి హుషారెక్కుతోంది. ఎవడో "వన్స్ మోర్" అన్నాడు. నా సర్వీసంతటిలో నాకు వన్స్ మోర్ పడింది ఆ ఒక్కసారే. ఉప్పెన అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాటంటే నమ్ముతారు, కానీ ఒక్కటే గేటు. నా కళ్ళముందే పిల్లలు కాళ్ళకింద పడతారు. తుఫాను అంటే కదలరు, ఉప్పెన అంటే పరుగెడతారు. మధ్యలో ఇంకో మాట లేదే నాకు!

ముందు వరసలోకి చూశాను. అంత గోలలో మామ్మ ఒక్కత్తే అరవడం లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా నోటి వంకే చూస్తోంది. నేనేదో మర్చిపోయినట్టు, అది ఎప్పుడు గుర్తొస్తుందా అని ఎదురుచూస్తున్నట్టు ఉంది ఆ చూపు. అప్పుడు గుర్తొచ్చాడు గోడవారగా కూర్చున్న ముసలాయన.

మైకు దగ్గరికి లాక్కున్నాను. హుషారూ లేదు, కంగారూ లేదు. పశువుల టీకాల గురించి చెప్పే గొంతుతో మొదలుపెట్టాను.

"ఇందుమూలముగా... యావన్మంది గ్రామ ప్రజలకు... తెలియజేయడమేమనగా..."

ముందు వరసలో గోల ఆగింది. ఆ వెనక వరసలో ఆగింది. అలా గేటు దాకా ఆగుతూ పోయింది. సర్కారు మాట అని అందరికీ తెలిసిపోయింది. పాటల వాళ్ళెవరూ అలా మాట్లాడరు గదా. నేను ఆపకుండా అదే చప్పటి గొంతుతో చెప్పుకుంటూ పోయాను. గాలివాన సూచనలున్నాయి, ఇంకా టైముంది, బస్సులున్నాయి, గేటు దగ్గర ఉన్నవారు ముందు లేవాలి, వారి వెనక వారు తర్వాత, ముందు వరసవారు ఆఖరున. పెళ్ళి భోజనాల్లో బంతి లేచినట్టు లేవండి, ఒక బంతి తర్వాత ఒక బంతి, అన్నాను. ఆ పోలిక కాగితంలో లేదు, ఎలా వచ్చిందో వచ్చింది.

మామ్మ పక్కవాళ్ళతో అనడం నాకు వినపడింది. "ఇది మనదేనే. మన వంతు వచ్చేదాకా కదలకండి."

ఈ గొడవకి ఆ గాయని సగం అలంకారంతో బయటికొచ్చింది. ఎవరీయన, నా స్టేజీ మీద ఏం చేస్తున్నాడని అడిగింది కాబోలు. సాయిబు గారు తన ఉర్దూలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత అడిగాను. "తుఫాన్ అంటే ఇక్కడ ఏంటో చెప్పానండీ. ఆ ముందున్న ముసలమ్మని చూపించాను" అన్నాడు. అది విని ఆ గాయని వెళ్ళి స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని, లేచే ప్రతి బంతికీ చెయ్యి ఊపుతూ ఉండిపోయింది. గ్రౌండు ఖాళీ అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. జనం ఆవిడకి తిరిగి చేతులూపుకుంటూ, నెమ్మదిగా, తోసుకోకుండా వెళ్ళారు. నా మాట వల్ల వెళ్ళారో, ఆవిడ చెయ్యి వల్ల వెళ్ళారో చెప్పలేను.

పల్లెవాళ్ళని బస్సెక్కిస్తుంటే మామ్మ నా బండెక్కి కూర్చుంది. "నా మనవరాలు ఇంటి దగ్గరుంది. పసిగుడ్డుతో. పద" అంది. సాయిబు గారు బండిని అంత వేగంగా తోలడం నేను చూడలేదు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, దారి పొడుగునా ఇందుమూలముగా, ఇందుమూలముగా అంటూనే ఉన్నాను. నా భయమంతా ఆ పల్లె గురించే. లేవం అన్నారుగా. తీరా వెళ్ళాక, మిగిలినవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చేతులు కట్టుకుని నన్ను చూశారు. నేను మాట మొదలుపెట్టాను. మామ్మ పౌడరు మొహంతో బండి దిగి, నేరుగా ఇంట్లోకి వెళ్ళి, రేకు పెట్టె తెచ్చి నెత్తిన పెట్టుకుంది. ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రెండోసారి చెప్పించుకుని, తల ఊపాడు. అంతే, ఊరు కదిలింది.

వాళ్ళతో పాటు మేమూ షెల్టర్లోనే ఉండిపోయాం.

తెల్లారింది. నేను కిటికీలోంచి చూసి కూలబడ్డాను. ఎండ. మొన్నటికంటే శుభ్రంగా, కడిగినట్టున్న ఎండ. అది మళ్ళీ దిశ మార్చుకుని ఎటో పోయింది, మాకు నాలుగు చినుకులు కూడా పడలేదు. ఇదేం విడ్డూరమో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు. పాట వస్తోందని చెబితే తుఫాను వచ్చినంత పనైంది. తుఫాను వస్తోందని చెబితే ఏమీ రాలేదు. పైగా పాట కూడా పోయింది, ఆవిడ ఆ సాయంత్రమే బెజవాడ వెళ్ళిపోయిందట. తర్వాత టూరు పేరు మార్చారని ఎవరో చెప్పారు గానీ నిజమో కాదో తెలీదు. రెండుసార్లు ఒకే వారంలో ఒకే ఊరిని ఉత్తపుణ్యానికి మేడ ఎక్కించినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంక ఈ ఉద్యోగం చెయ్యలేననిపించింది. సాయిబు గారూ, మీరే వెళ్ళి జనానికి చెప్పండి, నేను మొహం చూపించలేను అన్నాను. ఆయన నమాజు చేసుకుంటున్నాడు.

మూటలు కట్టుకుని ఒక్కొక్కరే దిగుతున్నారు. నేను మెట్ల పక్కన తలొంచుకుని నిలబడ్డాను. తిట్లు పడతాయని చూస్తున్నాను. మామ్మ పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి నా ముందు ఆగింది. చెమటకి పౌడరు చారలు కట్టింది.

"రాలేదుగా అయ్యా" అంది.

"రాలేదు మామ్మా."

"పోనీలే. ఈసారి సరిగ్గా చెప్పావు."

రెండు మెట్లు దిగి, పెట్టె చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది.

"మళ్ళీ వస్తే ఇలాగే చెప్పు. లేస్తాం."